ఊగే పండు

ఆ ఆదివారం ఆ ఇంట్లో ఎవరెవరున్నారో ముందు చెప్పుకోవాలి. ముందు గదిలో, ఇస్త్రీ మడత చెదరని చొక్కా వేసుకొని, కుర్చీలను అటు జరిపి ఇటు జరిపి, ఎట్లా పెట్టినా తృప్తి లేక మళ్ళీ జరుపుతున్న యోగేష్ ఉన్నాడు. వంటింట్లో ఆయన భార్య నవనీత ఉన్నది, పొయ్యి మీద చాయ్, చేతిలో బిస్కెట్ల పళ్ళెం. వెనక వసారాలో యోగేష్ తల్లి బాలవ్వ ఒళ్ళో చేట పెట్టుకొని బీడీలు చుడుతున్నది. వచ్చేవాళ్ళ కళ్ళకు ఆ చేట కనపడకూడదని కొడుకు పొద్దుటి నుంచీ చెప్తూనే ఉన్నాడు, ఆమె వింటూనే చుడుతున్నది. సోఫా నడుమ, గులాబీ రంగు గౌనులో, నేలకందని కాళ్ళు ఆడించుకుంటూ ఆరేళ్ళ భవిత కూర్చున్నది. వంటింటి గడప దగ్గర, లోపలా కాకుండా బయటా కాకుండా, ప్రవళిక నిలబడి ఉన్నది. ఇక రావలసినవాళ్ళు ముగ్గురు. ఈ హడావిడంతా వాళ్ళ కోసమే.

ప్రవళిక బాలవ్వ చెల్లెలి కూతురు. కోటగిరి అవతల కాలువ కింది ఊరు వాళ్ళది. ఊరి బడిలో పదో తరగతి పాసై, బాన్సువాడ ప్రభుత్వ కాలేజీలో ఇంటర్ ఎంపీసీలో చేరింది. ఊరి నుంచి రోజూ వచ్చిపోతానంటే తండ్రి ఒప్పుకోలేదు. పొద్దుటి బస్సు ఒకరోజు వస్తే ఇంకోరోజు రాదు, షేర్ ఆటోలో ఇరుక్కొని ఆడపిల్ల రోజూ తిరిగితే నలుగురూ నాలుగు మాటలంటారని ఆయన వాదన. బాన్సువాడలో పెద్దమ్మ ఇంట్లో ఉండేటట్టయితే చదువు, లేదంటే తల్లి పక్కన ఇంకో బీడీల చేట. ఈ రెండింటికీ మధ్య మూడో దారి లేదని ఆయన తేల్చేశాడు. అప్పుడు బాలవ్వే వచ్చి, నా కడుపున పుట్టిన బిడ్డ లెక్క చూసుకుంటానని చెప్పి వెంటబెట్టుకొని తీసుకొచ్చింది.

అప్పటి నుంచి ప్రవళిక ఆ ఇంట్లో ఉన్నా లేనట్టే మసలుకుంటున్నది. పిలిస్తే పలుకుతుంది, పిలవకపోతే లేదు. తిన్న పళ్ళెం కడిగేటప్పుడు కూడా చప్పుడు కానివ్వదు. మాట్లాడని పిల్ల, ఎంత బుద్ధిమంతురాలో అని నవనీత ఇరుగుపొరుగుతో మెచ్చుకునేది. తన మౌనంలో బుద్ధి ఏమీ లేదనీ, ఉన్నదంతా భయమేననీ ప్రవళికకు మాత్రం తెలుసు. ఈ ఇంట్లో ఒక్క మాట ఎక్కువైతే ఊళ్ళోని ఆ బీడీల చేట తన ముందుకు వచ్చి కూర్చుంటుంది.

యోగేష్ సంగతి. ఆయన ఇన్నేళ్ళూ ఎరువులు, పురుగుమందుల దుకాణంలో పని చేశాడు. ఆ వాసనకు దగ్గు పట్టుకుంది. ఈ వర్షాకాలం హైదరాబాద్ కంపెనీ ఒకటి, చిన్నపిల్లలు ఆడుకుంటూ లెక్కలు నేర్చుకునే గేమ్ తయారుచేసి, బాన్సువాడ చుట్టుపక్కల బళ్ళకూ ఇళ్ళకూ అమ్మిపెట్టే పని ఆయనకు అప్పగించింది. దుకాణం మానేశాడు. ట్యాబ్ ఒకటి ఇంటికి తెచ్చాడు. ఆ గేమ్‌లో ఒక తోట ఉంటుంది. చిలుక వచ్చి కొమ్మ మీద వాలి లెక్క అడుగుతుంది. కొమ్మకు మూడు పండ్లు వేలాడుతుంటాయి, ఒక్కో పండు మీద ఒక్కో అంకె. సరైన పండును తాకితే అది బుట్టలో పడుతుంది, డప్పులు మోగుతాయి, ఆకాశంలో చుక్క మెరుస్తుంది. తప్పు పండును తాకితే చిలుక తల అడ్డంగా ఊపి, ఏడుపు గొంతుతో ఒక కూత కూస్తుంది.

భవిత ఆ గేమ్ పట్టుకున్న నెల లోపలే తోట దాటి అడవికి, అడవి దాటి కొండకు ఎక్కింది. కూడికలు, తీసివేతలు, ఏది ఇచ్చినా చుక్కే. యోగేష్‌కు కాళ్ళు నేల మీద ఆనలేదు. నవ్వుతూ అన్నా నిజంగానే నమ్మాడు, తన కూతురు మామూలు పిల్ల కాదని. అదే ఆయన మోసగాడు కాదనడానికి గుర్తు. మోసగాడైతే ప్రవళికకు ఇంత కష్టం ఉండేది కాదు.

సంగతి ఆమెకు తెలిసింది పోయిన వారం. వెనక వసారాలో బాలవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ప్రవళిక ఊరికే గింజలు తీసి భవిత ముందు పోసింది. ఏడు గింజలు పెట్టి, రెండు తన గుప్పిట్లోకి తీసుకొని, ఎన్ని ఉన్నాయని అడిగింది. భవిత చూపుడువేలు గడ్డానికి ఆనించుకొని, కదలకుండా గింజల వంక చూస్తూ కూర్చున్నది. చాలాసేపు చూసింది. ప్రవళిక కూడా ఓపిగ్గా ఆగింది.

చివరికి భవిత విసుగ్గా, "ఇవి ఊగుతలేవు అత్తా," అన్నది.

"ఏవి ఊగాలె?"

"కరెక్ట్ది ఊగాలె. జర సేపు ముట్టకుండ ఉంటే ఊగుతది కదా."

ప్రవళిక ట్యాబ్ తెచ్చి తానే చూసింది. నిజమే. చిలుక లెక్క అడిగాక కాసేపు ఏ పండునూ తాకకుండా ఉంటే, పిల్లలు బెంగపడకూడదని కాబోలు, సరైన పండు గాలికి కదిలినట్టు మెల్లగా ఊగుతుంది. తెలిసి చూస్తే తప్ప పెద్దవాళ్ళ కంట పడదు. భవిత కంట పడింది. ఆ పిల్ల నేర్చుకున్నది కూడిక కాదు, తీసివేత కాదు, ఆగడం. వేలు గడ్డానికి ఆనించి ఆమె ఆగుతుంటే, ఆలోచిస్తున్నదని ఇంటిల్లిపాదీ మురిసిపోతున్నారు.

మాట్లాడని పిల్లను బుద్ధిమంతురాలు అన్నట్టే ఇదీనని ప్రవళికకు తోచింది.

మర్నాడు బట్టలు ఆరేస్తూ, నవనీతతో చెప్పింది. నవనీత తీగ మీది చీర అంచు సరిచేస్తూ విన్నది. ఆశ్చర్యపోలేదు. ఆ మాట విని ఆశ్చర్యపోకపోవడమే ప్రవళికను ఎక్కువ కలవరపెట్టింది. ఆదివారం బిచ్కుంద నుంచి కాశీరాం సార్ వస్తున్నాడని, ఆయన బళ్ళో ఈ గేమ్ పెడితే మీ అన్న బతుకు ఒక దారిన పడుతుందని, పిల్ల చిన్నది కనుక నెమ్మదిగా అదే నేర్చుకుంటుందని నవనీత చెప్పింది. చివరికి క్లిప్పు పళ్ళ మధ్య నుంచి తీసి, "ఆదివారం దాకా సప్పుడు జేయకు పిల్లా. నువ్వు ఈడ ఉండి సదువుకోవాలనుకుంటే," అన్నది. అందులో కోపం లేదు. వంటింట్లో ఉప్పు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పింది.

ప్రవళిక ఆదివారం దాకా చప్పుడు చేయలేదు.

పది దాటాక కాశీరాం కారు వచ్చి ఆగింది. రోడ్డు సగం మేర రైతులు వడ్లు ఆరబోసి ఉంటే తప్పించుకొని రావడానికి ఆలస్యమైందని లోపలికి వస్తూనే చెప్పాడు. బిచ్కుందలో ప్రైవేటు బడి ఆయనది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆ వెనకే అదే వీధిలో గాజుల దుకాణం నడిపే రహీమున్నిసా వచ్చింది, మనుమరాలు సాదియాను చేయి పట్టుకొని. సాదియాకు కూడా భవిత వయసే. మనుమరాలికి ట్యాబ్ కొనాలా వద్దా చూసుకుందామని వచ్చింది ఆమె. బాలవ్వ, కొడుకు మాట సగం విని, చేటను చాప కింద దాచి, వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నది.

యోగేష్ నిలబడి మాట్లాడాడు. ముందే బట్టీ పట్టిన మాటలు, అయినా ప్రేమగా చెప్పాడు. తన చిన్నప్పుడు ఎక్కం తప్పితే సార్ వేళ్ళ మధ్య పెన్సిల్ పెట్టి నొక్కేవాడని, ఇప్పటి పిల్లలకు ఆ బాధ లేదని, కొట్టేవాడు లేకుండా, తిట్టేవాడు లేకుండా చదువు వస్తుందని చెప్పాడు. ఆ మాటలు వింటే ప్రవళికకు ఆయన మీద జాలి కలిగింది. తర్వాత ట్యాబ్ భవిత ఒళ్ళో పెట్టాడు.

చిలుక వచ్చి వాలింది. పన్నెండులో నుంచి ఐదు తీసేస్తే ఎంత అని అడిగింది. భవిత వేలు గడ్డానికి ఆనించుకుంది.

"చూస్తుండ్రా సార్," అన్నాడు యోగేష్ గొంతు తగ్గించి. "తొందర పడుతలేదు. ఆలోచిస్తుంది."

"మా పోరగాళ్ళయితే గింతసేపట్ల ఇద్దరు కొట్టుకుంటుండిరి," అన్నాడు కాశీరాం మెచ్చుకోలుగా.

పండు ఊగింది. భవిత తాకింది. డప్పులు మోగాయి. మళ్ళీ లెక్క, మళ్ళీ వేలు గడ్డానికి, మళ్ళీ డప్పులు. ప్రతి చుక్కకూ యోగేష్ కళ్ళు ఇంకాస్త వెడల్పయ్యేవి. కాశీరాం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చాయ్ ట్రే పట్టుకొని గడప దగ్గర నిలబడ్డ ప్రవళిక కప్పుల వంకే చూస్తూ ఉండిపోయింది. ఆదివారం గడిచిపోతున్నది. ఇంకాసేపు అట్లాగే కప్పులు చూస్తే మొత్తం గడిచిపోయేది.

కానీ కాశీరాం సాదియాను పిలిచాడు. ఈ పిల్లకు కూడా ఇచ్చి చూడమన్నాడు.

సాదియాకు ట్యాబ్ కొత్త. ఒళ్ళో పెట్టుకోవడానికే భయపడి కింద పెట్టి, దాని ముందు మఠం వేసుకొని కూర్చున్నది. ఆరుకు ఐదు కలిపితే ఎంత అని చిలుక అడిగింది. సాదియా ఎడమచేయి ముందుకు పెట్టి, నానమ్మ తస్బీ జపం చేసుకునేటప్పుడు లెక్క పెట్టుకున్నట్టే, బొటనవేలిని కణుపు కణుపుకూ జరుపుతూ పెదవులు కదిపింది. ప్రవళిక కళ్ళు ఆ బొటనవేలితో పాటే నడిచాయి. ఆరు కణుపుల దాకా సరిగ్గా వచ్చింది. అక్కడి నుంచి ఐదు ఎంచాలి. ఆరో కణుపు దాటి ఒకటి అనవలసింది, ఆ పిల్ల ఆరో కణుపు మీదే ఒకటి అని మొదలుపెట్టింది. పది దగ్గర ఆగింది. పది ఉన్న పండును తాకింది.

చిలుక ఏడ్చింది.

ఇంకో లెక్క. ఏడుకు నాలుగు. మళ్ళీ అదే తప్పు, అదే చోట. చిలుక మళ్ళీ ఏడ్చింది. పండు ఊగేదాకా ఆగాలని ఆ పిల్లకు తెలియదు, తెలిసినా ఆగేటట్టు లేదు. లెక్క తేలగానే చేయి ముందుకు పోతున్నది. మూడోసారి కూడా ఏడుపే. తెర మీద చుక్కలు బూడిద రంగులో మిగిలాయి. భవిత కిసుక్కున నవ్వింది. రహీమున్నిసా మనుమరాలి తల మీద చిన్నగా ఒకటి వేసి, "జర దిమాక్ పెట్టవేందే, గా పిల్లను చూడు ఎట్ల చెప్పిందో," అన్నది. సాదియా చేతులు రెండూ గౌను కింద దాచుకుంది.

కాశీరాం వెనక్కి వాలి, తన బడి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వడ్లు కొనే కేంద్రంలో తేమ చూసే మిషన్ పెట్టినట్టు, జూన్‌లో పిల్లలు చేరిన రోజే ఒక్కొక్కరి చేతిలో ఇది పెడితే సరిపోతుందన్నాడు. తేమ ఎక్కువున్న వడ్లు ఒక దిక్కు, ఎండిన వడ్లు ఒక దిక్కు. ఒకటో తరగతిని రెండు సెక్షన్లు చేస్తాడట. చుక్కలు వచ్చినవాళ్ళు ఒక గది, రానివాళ్ళు ఇంకో గది. చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే టీచరమ్మ కూడా ఇక అవసరం లేదు, ట్యాబ్‌లు పంచి మళ్ళీ తీసి పెట్టడానికి ఆయమ్మ ఉంటే చాలు. సాదియా వైపు గడ్డంతో చూపించి, "గిసొంటి పిల్లలు రెండో గదిల కూసుంటరు. మనకూ పరేషానీ లేదు, వాళ్ళకూ లేదు," అన్నాడు.

యోగేష్ తల ఊపాడు. ఒప్పందం కుదిరినట్టే.

తేమ మిషన్ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డ తండ్రి ప్రవళికకు కళ్ళ ముందు మెదిలాడు. మిషన్ అంకె చూపించాక రైతు మాట ఎవరూ వినరు. ఆమె ట్రే కింద పెట్టింది. పెట్టానని పెట్టాక తెలిసింది.

"సాదియా లెక్క పెట్టింది సార్."

గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, ముందు ఎవరికీ వినపడలేదు. బాలవ్వకు వినపడింది, ఆమె తల ఎత్తింది. ప్రవళిక మళ్ళీ అన్నది, ఈసారి గది నిండా వినపడేటట్టు.

"సాదియా లెక్క పెట్టింది. ఒక్క కణుపు కాడ తప్పింది, అంతే. పెట్టనిది భవిత."

యోగేష్ నవ్వేశాడు. మా చెల్లె సార్, ఊరి బడిలో చదివింది, ఇవన్నీ దానికి కొత్త అని కాశీరాంకు చెప్పి, కప్పులు తీసుకొని లోపలికి పొమ్మని ప్రవళికకు కళ్ళతోనే చెప్పాడు. నవనీత వంటింట్లో నుంచి రెండడుగులు వచ్చి ఆగిపోయింది. ప్రవళిక ముందుకు నడిచి, కింద ఉన్న ట్యాబ్ తీసి, కొత్త లెక్క రప్పించి, కాశీరాం ముందు స్టూలు మీద పెట్టింది.

"దీన్ని ముట్టకుండ్రి సార్. జర సేపు చూడుండ్రి."

అందరూ చూశారు. చిలుక కొమ్మ మీద అటూ ఇటూ గంతులేసింది. ఎవరో తలుపు బయట స్కూటర్ ఆపి మళ్ళీ వెళ్ళిపోయారు. అప్పుడు నడిమి పండు మెల్లగా ఊగింది.

"దాని కోసం ఆగుతది భవిత," అన్నది ప్రవళిక. "ఆలోచించుడు కాదు అది."

యోగేష్ ముఖంలో రంగు మారింది. ఆయనకు అది నిజంగానే తెలియదు. తెలియదన్న సంగతి కాశీరాంకు అర్థం కాకూడదని గబగబా మాట్లాడాడు. అది కంపెనీ వాళ్ళు కావాలనే పెట్టిన సాయమని, పిల్లలు భయపడకుండా ఉంటారని, అందులో తప్పేమీ లేదని చెప్పాడు. కాశీరాం వినలేదు. ట్యాబ్ పక్కకు నెట్టి భవిత వైపు తిరిగాడు.

"బిడ్డా, నీ తాన ఎనిమిది చాక్లెట్లున్నయ్. నేను మూడు తిన్న. నీకెన్ని మిగిలినయ్?"

భవిత వేలు గడ్డానికి ఆనించుకుంది. కాశీరాం ముఖం వంక చూస్తూ కదలకుండా కూర్చున్నది. ఆగింది. గది మొత్తం ఆగింది. పిల్ల కళ్ళు ఆయన నుదుటి మీద, మీసాల మీద, చెవుల మీద వెతికాయి.

కాశీరాం ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. "నా మొఖం ఎప్పుడు ఊగుతదా అని చూస్తుంది," అన్నాడు.

భవిత పెదవి వంకర తిరిగింది. ఏడుపు ముందు చప్పుడు లేకుండా వచ్చింది, తర్వాత చప్పుడుతో వచ్చింది. ఆ ఏడుపు ప్రవళిక గుండెలో గుచ్చుకుంది. ఆమె అనుకున్నది ఇది కాదు. గేమ్ గురించి చెప్దామనుకుంది, పిల్లను నలుగురి ముందు నిలబెడదామని అనుకోలేదు. ఇప్పుడు వెనక్కి పోయి గడప దగ్గర నిలబడితే బాగుండుననిపించింది. కానీ కాశీరాం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"నవ్వకుండ్రి సార్," అన్నది. "ఆమె తప్పు కాదు. చుక్కలు ఇచ్చి మనమే నేర్పినం. ఇగ ఈమెను గూడ రెండో గదిల కూసోబెడ్తరా?"

కాశీరాం నవ్వు ఆపి ఆమె వంక కొత్తగా చూశాడు. "నోరున్న పిల్లనే," అని, చాయ్ తాగకుండానే లేచాడు. ఫోన్ చేస్తానని యోగేష్‌తో అన్నాడు. ఆ మాట ఎట్లా ఉంటే ఫోన్ రాదో అట్లాగే అన్నాడు. కారు వెళ్ళిపోయింది. రహీమున్నిసా మాత్రం నిదానంగా చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, పిల్లలను ముందర పెట్టుకొని పెద్దవాళ్ళు తమాషా చేయడం మంచిది కాదని, అది ఎవరికి తగిలితే వాళ్ళకు తగలనీ అన్నట్టు గోడకు చెప్పి, మనుమరాలిని తీసుకొని పోయింది. ఆమె ప్రవళికను మెచ్చుకోలేదు. ప్రవళిక వైపు చూడను కూడా చూడలేదు.

యోగేష్ కుర్చీలో కూలబడ్డాడు. కేకలు వేస్తాడని అందరూ అనుకున్నారు, వేయలేదు. ఎంతకాలం నుంచి ఆ మనిషి చుట్టూ తిరుగుతున్నాడో చెప్పాడు. మళ్ళీ ఆ మందుల దుకాణం మెట్లెక్కి, మానేసిన చోటే పని అడుక్కోవాలని చెప్పాడు. చెప్తూ చెప్తూ దగ్గాడు. అప్పుడు కోపం వచ్చింది, తన దగ్గు తనకే గుర్తొచ్చినట్టు. ఫోన్ తీశాడు.

"కాశీరాం సార్‌కు కలుపుతున్న. భవిత మీద కుళ్ళుతోని అట్ల అన్న, మన్నించుండ్రి అని చెప్పు. చెప్తే ఈ సంగతి ఈడికే ఖతం. నువ్వు నీ కాలేజీకి పో, నిన్నేమనను. చెప్పకుంటే బ్యాగు సర్దుకో."

బాలవ్వ గోడ దగ్గర నుంచి లేచి వచ్చి ప్రవళిక చేయి పట్టుకుంది. "ఒక్క మాటనే కదా బిడ్డా. అని ఇడిసిపెట్టు. మీ నాయన సంగతి నీకెరుకే."

ఎరుకే. ఫోన్ అవతల మోగుతున్నంతసేపూ ప్రవళిక దాని గురించే ఆలోచించింది. కాలేజీలో కిటికీ పక్క బెంచీ, బోర్డు మీద సగం చెరిపిన త్రికోణాలు, ఇంట్లో తల్లి కత్తెరతో ఆకు కత్తిరించే చప్పుడు. ఒక్క మాట అంటే రేపు బెంచీ, అనకపోతే రేపు చేట. కుళ్ళుతో అన్నానని చెప్పడానికి నోరు తెరిస్తే చాలు, మిగతాది యోగేషే చూసుకుంటాడు. అవతల కాశీరాం ఎత్తాడు. యోగేష్ ఫోన్‌ను ఆమె చెవికి ఆనించాడు.

హలో అని ఒకసారి, ఎవరు అని ఒకసారి వినపడింది. ఆమె ఆగుతున్నది. ఎవరో వచ్చి చెప్తారేమో, ఏదో ఒకటి కదులుతుందేమోనని ఆగుతున్నది. తాను చేస్తున్నది కూడా అదేనని తెలిసి సిగ్గేసింది. అప్పుడు మాట వచ్చింది.

"సార్, నేను ప్రవళికను. యోగేష్ అన్న చెల్లెను. నేనన్న మాట నేను మార్చుకుంటలేను. కణుపు కాడ యాడ తప్పుతుందో చూపిస్తే సాదియాకు ఒక్క పూటల వస్తది. అది చూసేటందుకే టీచర్ ఉండాలె. మీ టీచరమ్మను తీసెయ్యకుండ్రి."

యోగేష్ ఫోన్ లాక్కున్నాడు. అప్పటికే అవతల కట్ అయింది. ఎవరు కట్ చేశారో తెలియలేదు.

ఇక చెప్పడానికి ఏమీ మిగలలేదు. ప్రవళిక లోపలికి పోయి పుస్తకాలు, బట్టలు బ్యాగులో పెట్టుకుంది. ఆమెకు వింతగా ఉన్నది. ఇన్ని నెలలు ఏ మాట కోసం భయపడిందో ఆ మాట అయిపోయింది, ఇల్లు కూలలేదు, తానూ కూలలేదు. బాలవ్వ వెనకెనకే తిరుగుతూ, నీ అమ్మకు నేనేం చెప్పాలె అని అడిగింది.

"నువ్వు చెప్పొద్దు పెద్దమ్మా, నేనే చెప్త. రేపు కాలేజీకి బస్సుల వస్త. బస్సు రాకుంటే ఆటోల వస్త."

"మీ నాయన రానిస్తడానే?"

"నాయనకు గూడ చెప్త. ఇయ్యాల చెప్పుడు మొదలైంది, ఇగ ఆపుడెందుకు."

బాలవ్వకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చాప కింది చేట మీద కాలు పెట్టబోయి తప్పించుకుంది.

ముందు గది దాటేటప్పుడు యోగేష్ తల ఎత్తలేదు. ప్రవళిక ఆయన ముందు ఆగి, ఆ గేమ్ అమ్మవద్దని తాను అనడం లేదని, ఆ పండు ఊగకుండా చేయమని కంపెనీకి చెప్పమని, పిల్ల తప్పు చెప్పినా చెప్పనివ్వమని అన్నది. ఆయన ట్యాబ్‌ను బోర్లించి పెట్టాడు. నవనీత వాకిలి దగ్గర నిలబడి ఉన్నది, తలుపు రెక్క మీద చేయి పెట్టి. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను ముందే చెప్పాను కదా అన్న చూపు అది. నేను కూడా ముందే చెప్పాను వదినా అనాలనుకుంది ప్రవళిక. అనకుండా చెప్పులు వేసుకుంది.

గడప దాటాక వెనక నుంచి భవిత వచ్చింది. తల్లి చీర పట్టుకొని, ఏడ్చి ఉబ్బిన ముఖంతో బయటికి తొంగి చూసింది. ప్రవళిక బ్యాగు కింద పెట్టి, గడపకు ఇవతలే మోకాళ్ళ మీద కూర్చున్నది.

"నీకు ఏడుపు నా వల్లనే వచ్చింది. నా మీద కోపంగుండు, ఫర్వాలేదు. కానీ నాకొకటి చెప్పు. ఎనిమిదిల మూడు పోతే ఎన్ని?"

నవనీత, లోపలికి రా అని కూతురిని పిలిచింది. భవిత కదలలేదు. వేలు గడ్డం దాకా పోయింది.

"ఆగకు," అన్నది ప్రవళిక. "ఏదో ఒకటి చెప్పు. తప్పయినా చెప్పు."

భవిత ఆమె ముఖం చూసింది. అందులో ఏదీ కదలడం లేదు. పిల్ల గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఆరు."

"కాదు," అన్నది ప్రవళిక. ఆమెకు నవ్వు ఆగలేదు. ఆ ఇంట్లో ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మొట్టమొదటి లెక్క అది. "కాదు. చేతులు ముందటికి పెట్టు. ఎనిమిది వేళ్ళు తెరువు. ఇప్పుడు మూడు ముడువు."

భవిత రెండు చేతులూ చాచింది. ఎనిమిది వేళ్ళు తెరిచే లోపలే రెండుసార్లు తప్పి, మళ్ళీ తెరిచింది. చిటికెన వేలు ముడిచింది. దాని పక్క వేలు ముడిచింది. నాలుక బయటపెట్టి, నడిమి వేలిని ఇంకో చేత్తో పట్టుకొని వంచుతున్నది.

నవనీత కూతురిని లోపలికి లాగి, తలుపు మూసేసింది.